ఉప్పల్ స్టేడియంలో ఉప్పల్ జట్టేది?

 నాగోలులో బయల్దేరిన మెట్రో రైలు ఉప్పల్ దాటాక ఆగే స్టేషన్ పేరు స్టేడియం. దానికి పేట పేరు గానీ కాలనీ పేరు గానీ తగిలించలేదు, అక్కర్లేకపోయింది కూడా. 2005 నవంబర్ 16న భారత్, దక్షిణాఫ్రికా వన్డేతో ఆ మైదానంలో అంతర్జాతీయ క్రికెట్ మొదలైంది. 2010 నవంబర్‌లో అక్కడ తొలి టెస్టు జరిగింది. న్యూజిలాండ్ తరఫున మెకల్లమ్ 225 కొట్టాడు, మన బౌలర్ హర్భజన్ సింగ్ బ్యాటు పట్టి సెంచరీ చేశాడు. మధ్యలో 2008లో ఐపీఎల్ వచ్చింది, దాంతోపాటు డెక్కన్ ఛార్జర్స్ వచ్చింది. ఆ జట్టు మరుసటి ఏడే కప్పు గెలిచింది, కాకపోతే ఆ ఏడు పోటీలన్నీ దక్షిణాఫ్రికాలో జరిగాయి. 2012లో ఆ జట్టు రద్దయింది. సన్ టీవీ వాళ్లు ఏడాదికి 85.05 కోట్ల రూపాయల లెక్కన హక్కులు తీసుకుని సన్‌రైజర్స్ పేరుతో కొత్త జట్టు పెట్టారు, 2016లో వాళ్లూ కప్పు గెలిచారు. యజమాని మారాడు, పేరు మారింది, చొక్కా రంగు మారింది. ఇదంతా జరుగుతున్నప్పుడు ఉప్పల్ వాళ్లనెవరూ ఒక్క మాట అడగలేదు. అది వ్యాపారం కాబట్టి అడగాల్సిన పనీ లేదు. అందులో నాకు ఫిర్యాదేమీ లేదు. నా ప్రశ్న వేరు. ఇరవై ఏళ్లుగా ఇంత పెద్ద మైదానాన్ని గడపలో పెట్టుకున్న ఉప్పల్, నాచారం వాసులు ఇది మాది అని చెప్పుకోగల జట్టు ఒక్కటైనా ఉందా? ఉండాలంటే అది ఎలాంటి జట్టయి ఉండాలి? పిల్లల జట్టే అయి ఉండాలని, మాది అనే మాటకు లెక్క అడిగే హక్కు తోడవ్వాలని నా వాదన. దాన్ని నిలబెట్టుకోవడానికి ముందు చాలా దూరంలో ఉన్న ఒక ఊరికి వెళ్లాలి. ఆట కూడా మనకు అలవాటు లేని ఆట, ఐస్ హాకీ.

కెనడాలో సస్కాచెవాన్ అనే గోధుమ పొలాల రాష్ట్రం ఉంది. అందులో స్విఫ్ట్ కరెంట్ అనే పట్టణం, జనాభా 17 వేల లోపు. హబ్సిగూడ నుంచి బోడుప్పల్ దాకా ఉన్న జనంలో ఆ ఊరంతా ఒక మూలకు చాలదు. ఆ ఊరికి బ్రాంకోస్ అని ఒక జూనియర్ ఐస్ హాకీ జట్టు ఉంది. జూనియర్ అంటే అక్కడ 16 నుంచి 20 ఏళ్ల మధ్య కుర్రాళ్లు. దేశమంతటా మూడు పెద్ద జూనియర్ లీగ్‌లున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కెనడా వాళ్ల జ్ఞాపకంగా 1919లో పెట్టిన మెమోరియల్ కప్పు కోసం వాటి విజేతలూ ఆతిథ్య జట్టూ పోటీ పడతాయి. బ్రాంకోస్ 1967లో మొదలైంది. డబ్బు చాలక 1974లో జట్టును పక్క రాష్ట్రంలోని లెత్‌బ్రిడ్జ్ పట్టణానికి తరలించారు. పన్నెండేళ్ల తర్వాత, 1986లో, ఊళ్లోవాళ్లు పూనుకుని జట్టును వెనక్కి తెచ్చుకున్నారు. అప్పటినుంచి దానికి సొంతదారు ఊరే. లాభం పంచుకునే వాటాదారులు లేరు, ఏటా ఊరి ముందు లెక్కలు పెట్టాలి. పై ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు హాస్టల్లో ఉండరు, స్థానిక కుటుంబాల ఇళ్లలో ఉంటారు. ఆ ఇంటి పిల్లలతో కలిసి తింటారు, ఊరి బడిలోనే చదువుతారు. మైదానంలో సుమారు 3 వేల మంది కూర్చోవచ్చు, మన ఉప్పల్లో దాదాపు 39 వేల మంది పడతారు.

ఆ మైదానం ఎలా తయారవుతుందో కాస్త చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్ వాళ్లకు మంచు అంటే లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్‌లో కోటు చేతికిచ్చి చూపించేదే. రింకులో కాంక్రీటు పలక ఉంటుంది, దాని లోపల గొట్టాలు పరిచి గడ్డకట్టని ఉప్పునీటిని సున్నా కంటే బాగా తక్కువ చలిలో తిప్పుతుంటారు. పైన నీళ్లు పలచగా చల్లుతారు, అవి గడ్డ కట్టాక మళ్లీ చల్లుతారు. మధ్యలో ఒక పొర మీద తెల్ల రంగు, దాని మీద ఎర్ర గీతలు, నీలం గీతలు. మళ్లీ పొరలు. అంతా కలిపి అంగుళం, అంగుళంపావు మందం ఉంటుంది. ఇరవై నిమిషాల ఆటలో పన్నెండు జతల ఇనుప బ్లేడ్లు దాన్ని చీరేస్తాయి. విరామంలో ఒక బండి వచ్చి చెదిరిన పైపొరను చెక్కేసి, వెనక నుంచి వేడినీళ్లు పరుస్తూ పోతుంది. వేడినీళ్లెందుకంటే అవి గాట్లలోకి దిగి పాత మంచుతో బాగా అతుక్కుంటాయి. ఏడాదిలో సగానికి పైగా రోజులు ఈ పని జరగాలి. కరెంటు బిల్లు ఎవరో కట్టాలి, బండి ఎవరో నడపాలి. 17 వేల మంది లేని ఊరు దశాబ్దాల తరబడి ఇది భరిస్తోంది. మన దేశంలో ఈ ఆట లదాఖ్‌ది. అక్కడ గడ్డకట్టిన చెరువే రింకు, దాని ఆయుష్షు ఏడాదికి రెండు నెలలు. అయినా ఎక్కువగా లదాఖ్ అమ్మాయిలే ఉన్న మన మహిళల జట్టు 2025లో ఆసియా కప్పులో కంచు పతకం తెచ్చింది. కాబట్టి వసతులుంటే తప్ప జట్టు పుట్టదనే మాటను కొంచెం ఆలోచించి అనాలి. మంచు కోసం అక్కడ పడే పాట్లతో పోలిస్తే నేల మీద ఒక చాప పరిచి ఆడగలిగే క్రికెట్‌కు మనం చెప్పే సాకులు చిన్నవి.

బ్రాంకోస్ స్విఫ్ట్ కరెంట్‌కు తిరిగొచ్చిన మొదటి సీజన్‌లోనే, 1986 డిసెంబర్ 30న, రెజైనా వెళ్తున్న జట్టు బస్సు మంచు పేరుకున్న రోడ్డు మీద అదుపు తప్పింది. నలుగురు ఆటగాళ్లు చనిపోయారు. ఊరు జట్టును వదల్లేదు, సీజన్ ఆగలేదు. రెండున్నరేళ్లకు, 1989లో, ఆ జట్టు లీగ్‌లో 72 ఆటల్లో 55 గెలిచింది. ప్లేఆఫ్స్‌లో వరసగా పన్నెండుకు పన్నెండు గెలిచింది. సస్కటూన్‌లో జరిగిన మెమోరియల్ కప్పు ఫైనల్లో ఆతిథ్య జట్టునే అదనపు సమయంలో 4-3తో ఓడించింది. ఊరి ప్రేమ ఏం చేయగలదో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదని చాలామంది కథ ఇక్కడే ఆపేస్తారు. ఇక్కడ ఆపితే నా వాదన కూడా సుఖంగా సాగిపోతుంది. కానీ ఈ చరిత్రలో అసలు సంగతి దీని తర్వాతే ఉంది.

ఆ జట్టు కోచ్ గ్రాహం జేమ్స్. 1989లో హాకీ న్యూస్ పత్రిక ఆయన్ని ఆ ఏటి మేటి మనిషిగా ఎంపిక చేసింది. అదే జట్టులో ఆడి పెద్ద లీగ్‌కు ఎదిగిన షెల్డన్ కెనడీ 1996లో పోలీసుల దగ్గరికి వెళ్లాడు. ఆ కోచ్ ఏళ్ల తరబడి తనపై లైంగిక అత్యాచారం చేశాడని చెప్పాడు. 1997 జనవరిలో జేమ్స్ నేరం ఒప్పుకున్నాడు, మూడున్నరేళ్ల శిక్ష పడింది. తర్వాత మరికొందరు ఆటగాళ్లు బయటికొచ్చారు, ఇంకా శిక్షలు పడ్డాయి. బస్సు ప్రమాదం జరిగినప్పుడు పిల్లలకు మానసిక నిపుణులతో ధైర్యం చెప్పించడానికి కోచ్ ఒప్పుకోలేదని ఆ జట్టు వాళ్లే తర్వాత చెప్పారు. బయటివాళ్లు వచ్చి పిల్లలతో విడిగా మాట్లాడడం ఆయనకెందుకు ఇష్టం లేకపోయిందో అప్పుడు అందరికీ అర్థమైంది. ఇప్పుడు నన్ను ఒక మాట గట్టిగా అడగవచ్చు. ఊరి సొంత జట్టే కదా, ఏటా లెక్కలు చూసే సంఘం ఉంది కదా, పిల్లలు ఊరి ఇళ్లలోనే పడుకున్నారు కదా, అయినా ఇది ఎలా జరిగింది? జవాబు చేదుగానే ఉంటుంది. ఊరు డబ్బు లెక్క అడిగింది గానీ పిల్లల లెక్క అడగలేదు. గెలుస్తున్న కోచ్‌ను ప్రశ్నించడం ఊరికే ద్రోహం అన్నట్టు తయారైంది. ప్రేమ ఎక్కువైన చోట ప్రశ్న తక్కువైంది. అందుకే ఊరిది అనే మాటను అభిమానం దగ్గర వదిలేయడానికి నేను ఒప్పుకోను. ఈ ఉదంతం ఊరి జట్టు వద్దని చెప్పడం లేదు, ఊరు ఇంకా ఎక్కువ అడగాలని చెబుతోంది. కెనడాలో అదే జరిగింది కూడా. కెనడీ మరొకరితో కలిసి 2004లో మొదలుపెట్టిన, వేధింపులను అడ్డుకునే శిక్షణ పాఠాలు అక్కడ చాలా చోట్ల కోచ్‌లకు తప్పనిసరయ్యాయి. కొన్ని రాష్ట్రాల్లో తల్లిదండ్రులకు కూడా. మనకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. నేరం జరిగిందని తెలిసి చెప్పకపోవడం కూడా ఆ చట్టం కింద నేరమే. కానీ వీధివీధికీ వెలిసిన కోచింగ్ అకాడమీల్లో పిల్లవాడిని దింపి వచ్చే తల్లిదండ్రులు ఫీజెంత, ఏ బంతితో ఆడిస్తారు అని అడిగినంత ఇదిగా, ఇక్కడ పిల్లల భద్రతకు జవాబుదారీ ఎవరు అని అడుగుతున్నారా?

ఇదే జట్టు చరిత్రలో ఇంకో పుట ఉంది, అది లెత్‌బ్రిడ్జ్‌లో గడిపిన పన్నెండేళ్లలోది. రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త భార్యతో కలిసి బ్రాంకోస్ ఆట చూడటానికి వెళ్లారు. ఆమె చేతిలో ఆటగాళ్ల వివరాలు అచ్చేసిన కార్యక్రమ పత్రం ఉంది. పేరు, ఎత్తు, బరువు, పుట్టిన తేదీ. ఆ తేదీల వరస చూసి ఆవిడకే అనుమానం వచ్చింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి, మళ్లీ జనవరి. బార్న్‌స్లీ ఇంటికెళ్లి దొరికినన్ని జట్ల జాబితాలు తీసి లెక్కేశారు. మేటి జూనియర్ ఆటగాళ్లలో దాదాపు పదిమందికి నలుగురు సంవత్సరంలో మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లు. చివరి మూడు నెలల్లో పుట్టినవాళ్లు పదిమందికి ఒకరు. 1985లో ఈ సంగతి అచ్చయింది. కారణం జాతకాల్లో లేదు, వయసు లెక్క పెట్టే తేదీలో ఉంది. అక్కడ జనవరి 1 గీత. పదేళ్ల వయసులో జనవరి పిల్లవాడికీ డిసెంబర్ పిల్లవాడికీ పదకొండు నెలల ఎదుగుదల తేడా ఉంటుంది. సెలెక్టరు ఆ తేడానే ప్రతిభ అనుకుంటాడు. ఎంపికైన వాడికి మంచి కోచ్, ఎక్కువ ఆటలు దక్కుతాయి. రెండో ఏటికి నిజంగానే మెరుగవుతాడు. మన క్రికెట్ బోర్డు వయసు విభాగాలకు గీత సెప్టెంబర్ 1. ఆగస్టులో పుట్టిన నాచారం పిల్లవాడు తనకంటే పదకొండు నెలలు పెద్దవాడితో పోటీపడి, ఓడి, నాకు ఆట రాదు అనుకుని బ్యాటు అటక మీద పడేస్తాడు. దీనికి తోడు మనకు దొంగ పుట్టిన తేదీల జబ్బు ఒకటి. దాన్ని పట్టుకోవడానికే బోర్డు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూసే పద్ధతి పెట్టింది. 2015లో రాహుల్ ద్రావిడ్ పటౌడీ స్మారకోపన్యాసంలో జూనియర్ క్రికెట్‌లో ఫలితాల యావ గురించీ, వయసు దాచడం గురించీ గట్టిగా మాట్లాడారు. ఆ తర్వాతే ఒక ఆటగాడు అండర్-19 ప్రపంచ కప్పు ఒక్కసారే ఆడాలనే నిబంధన వచ్చింది. నేననేది ఏమిటంటే, ఎవరిని ఎంచుకున్నాం అనే జాబితా బహిరంగంగా ఉంటే ఇలాంటి లోపాన్ని ప్రేక్షకుల వరసలో కూర్చున్న ఒకావిడ కూడా పట్టుకోగలదు. జాబితా సెలెక్టరు జేబులో ఉంటే ఎవరూ పట్టుకోలేరు.

ఇక మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ క్రికెట్‌కు పాత రోజుల్లో ఊరి అండ లేదనలేం. 1930లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్పు, ఫతే మైదాన్, సికింద్రాబాద్ జింఖానా, పరేడ్ గ్రౌండ్స్‌లో పక్కపక్కనే సాగే లీగ్ ఆటలు ఉండేవి. ఒక్క ఆల్ సెయింట్స్ బడిలోనే అజారుద్దీన్, వెంకటపతి రాజు, నోయెల్ డేవిడ్ చదివారు. బడి చదువయ్యాక నిజాం కాలేజీ. ఆ తర్వాత స్టేట్ బ్యాంకో, ఆంధ్రా బ్యాంకో, దక్షిణ మధ్య రైల్వేనో ఉద్యోగమిచ్చి ఆడించేవి. నేల మీద కొబ్బరినార మ్యాట్ బిగించి చుట్టూ మేకులు కొడితే వికెట్ తయారు. దాని మీద బంతి మోకాలికి బదులు ఛాతీకి లేస్తుంది, కాబట్టి కుర్రవాడు వెనక్కాలు మీద ఆడడం ముందు నేర్చుకునేవాడు. 1937-38లో ఒకసారి వచ్చిన రంజీ ట్రోఫీ ఈ వరసలోంచే 1986-87లో మళ్లీ వచ్చింది. తర్వాత బ్యాంకులు కొత్త నియామకాలు తగ్గించాయి, బడుల మైదానాల్లో భవనాలు లేచాయి. క్రికెట్ ముఖ్యకేంద్రం ఉప్పల్‌కు వచ్చేనాటికి కట్టడం పెరిగింది, కింది మెట్లు సడలాయి. 2022-23లో హైదరాబాద్ రంజీలో అట్టడుగున నిలిచి ప్లేట్ విభాగానికి దిగజారింది. మరుసటి ఏడు 2024 జనవరి 26న తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ మీద 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అంత వేగంగా అంతకు ముందు ఎవరూ కొట్టలేదు. చివరికి 181 బంతుల్లో 366 చేశాడు. ఆ రికార్డు చూసి చప్పట్లు కొట్టాల్సిందే, కానీ హైదరాబాద్ ఆ మ్యాచ్ ఎందుకు ఆడాల్సి వచ్చిందో మరిచిపోకూడదు. మరి లెక్క అడగాల్సిన వాళ్లెవరు? మన హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌లో ఓటు ప్రధానంగా క్లబ్బులది. దాని వ్యవహారాలు చూడటానికి సుప్రీంకోర్టు 2023లో జస్టిస్ లావు నాగేశ్వరరావును ఏకసభ్య సంఘంగా నియమించింది. ఒకరి చేతిలోనే ఒకటికి మించి క్లబ్బులున్నాయన్న కారణంతో ఆయన 57 క్లబ్బులను ఓటింగ్‌కు దూరం పెట్టారు. ఒక క్లబ్బు పేరులో ఒక పేట ఉండవచ్చు, ఆ పేటలో పుట్టిన పిల్లవాడికి ఆ క్లబ్బు తలుపు ఎక్కడుందో తెలియకపోవచ్చు. ఊరికీ జట్టుకూ మధ్య తెగిన తీగ ఇదే.

దీనికి ఎదురుగా చెప్పే మాట నాకు తెలుసు. సిరాజ్ రాలేదా, తిలక్ వర్మ రాలేదా, త్రిష రాలేదా, ప్రతిభ ఉంటే దారి అదే దొరుకుతుంది అంటారు. పేర్లు నిజమే, వాళ్ల దారులు ఎలా దొరికాయో చూద్దాం. ఆటో నడిపే తండ్రి కొడుకు సిరాజ్ టెన్నిస్ బంతితో గల్లీలో ఆడి, అసలు బంతిని ఆలస్యంగా పట్టాడు. తిలక్ తండ్రి ఎలక్ట్రీషియన్. కోచ్ సలాం బయాష్ ఆ పిల్లవాణ్ణి తన బండి మీద ఎక్కించుకుని లింగంపల్లి అకాడమీకి తీసుకెళ్లి తీసుకొచ్చేవారు. గొంగడి త్రిష కోసం తండ్రి భద్రాచలంలో జిమ్ వదులుకుని సికింద్రాబాద్‌కు మకాం మార్చారు. ఆ అమ్మాయి 2025 మహిళల అండర్-19 ప్రపంచ కప్పులో స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్ చేసింది. ఆ టోర్నీ చరిత్రలో అదే తొలి సెంచరీ. కౌలాలంపూర్ ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద 15 పరుగులకు 3 వికెట్లు తీసి, 44 నాటౌట్ కొట్టి, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఈ ముగ్గురి కథల్లోనూ దారి వేసింది ఒక తండ్రో, ఒక కోచో, లేదా కుర్రవాడి మొండితనమో. వ్యవస్థ చివరి మెట్టు దగ్గర వచ్చి చేయి పట్టుకుంది. జిమ్ వదులుకోలేని తండ్రి కూతురు ఎక్కడుందో మనకు తెలియదు, ఆమె పేరు ఏ జాబితాలోనూ లేదు కాబట్టి. గెలిచినవాళ్లను చూపించి పద్ధతి బాగుందనడం, ఏట్లో ఈది ఒడ్డు చేరినవాణ్ణి చూపించి వంతెన అక్కర్లేదనడంలాంటిది.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. స్విఫ్ట్ కరెంట్‌లో చలికాలం సాయంత్రాలు వేరే కాలక్షేపం ఏముంది, ఊరంతా రింకుకే వస్తుంది. ఉప్పల్ ఊరు కాదు, మహానగరంలో ఒక తూర్పు కొస. ఇక్కడి వాళ్లు నల్గొండ, వరంగల్, యాదాద్రి జిల్లాల నుంచి, కోస్తా నుంచి, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగినవాడికి పేట అభిమానం ఎక్కడిది అంటారు. నిజమే, సగం. వచ్చి స్థిరపడినవాళ్లకే పిల్లల వల్ల పేట సొంతమవుతుందన్నది మిగతా సగం. తండ్రి సొంతూరు నకిరేకల్ అయినా హెచ్‌ఎంటీ నగర్‌లో పుట్టిన పిల్లవాడికి సొంతూరు నాచారమే. పైగా ఈ ప్రాంతానికి కలిసి పనిచేసే అలవాటు లేకపోలేదు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, సర్వే ఆఫ్ ఇండియా, చుట్టూ ఫ్యాక్టరీలు, వాటి యూనియన్లు, కాలనీ సంక్షేమ సంఘాలు ఉన్నాయి. వినాయక చవితికి చందా పుస్తకం పట్టుకుని గడపగడపకూ తిరిగి, నిమజ్జనం అయ్యాక జమాఖర్చు కాగితం గోడకు అంటించే సంఘాలు ఇక్కడ కొల్లలు. ఆ కాగితం అంటించే అలవాటే నేను అడిగే జట్టుకు కావలసింది.

స్థలం లేదన్నది మూడో అభ్యంతరం. మూసీ పక్కన ఉప్పల్ భగాయత్‌లో హెచ్‌ఎండీఏ ప్లాట్లు వేసి వేలం పెట్టింది, ఖాళీగా కనిపించిన నేల ఖరీదైన నేల అయిపోయింది. ఆ లోటులోకి బాక్స్ క్రికెట్ వచ్చింది. చుట్టూ వల, కింద నకిలీ గడ్డి, రాత్రి ఒంటిగంట దాకా లైట్లు, గంటకింత అద్దె. పెద్దవాళ్ల సరదాకు అది బాగానే ఉంది గానీ అక్కడ బంతిని పైకి లేపి కొట్టడం తప్ప పదిహేనేళ్లవాడు నేర్చుకునేది ఏమీ లేదు. మరి మైదానాలు అసలు లేవా అంటే, పెద్ద బడుల ప్రాంగణాలు సాయంత్రం అయిదు తర్వాత తాళం వేసి ఉంటాయి. నగరపాలక సంస్థ మైదానాల్లో ఎవరు ముందొస్తే వాళ్లదే పిచ్. అంటే కొరత నేలకు ఎంత ఉందో, నేల వాడుకునే ఒప్పందానికీ అంతే ఉంది. స్విఫ్ట్ కరెంట్‌లో రింకు పట్టణానిది, జట్టు సంఘానిది, మధ్యలో రాతపూర్వకమైన ఏర్పాటు ఉంది. మన దగ్గర ఒక బడి యాజమాన్యం వారానికి మూడు సాయంత్రాలు గేటు తెరుస్తామని రాసిస్తే కోట్లు అక్కర్లేదు.

చదువు సంగతి తప్పించుకోలేం. తొమ్మిదో తరగతి రాగానే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పిల్లవాడి సాయంత్రాలు అమ్ముడైపోతాయి, తల్లిదండ్రుల భయం తప్పని నేననను. జూనియర్ ఆటగాళ్లలో ఎక్కువమంది వృత్తి ఆటగాళ్లు కారు, కెనడాలోనూ అంతే. అందుకే అక్కడ బ్రాంకోస్ ఆడే పశ్చిమ లీగ్‌లో ఒక సీజన్ ఆడినవాడికి తర్వాత ఒక ఏడాది కాలేజీ ఫీజు లీగ్ తరఫున అందుతుంది. అది చాలదు, మాకు కనీస వేతనం ఇవ్వాలి అని ఆటగాళ్లు 2014లో కోర్టుకెక్కారనుకోండి, అది వేరే కథ. మనం అంత చేయలేకపోయినా ఒకటి చేయగలం, ప్రయాణం తగ్గించగలం. ఇప్పుడు ఆట మీద గురి ఉన్న నాచారం పిల్లవాడు కిట్ బ్యాగు మోసుకుని రెండు బస్సులు మారి ఊరి అటు కొసకు పోయి వస్తున్నాడు. చదువును తినేస్తున్నది ఆ దారిలో పోయే గంటలే. ఇంటికి సైకిల్ దూరంలో మంచి ఆట దొరికితే తొంభై నిమిషాల్లో పని అయిపోతుంది, ఎనిమిదింటికి పుస్తకం ముందు కూర్చోవచ్చు. అమ్మాయిల విషయంలో ఈ దూరం ఇంకా పెద్ద గోడ. కాబట్టి అమ్మాయిల జట్టు తర్వాత చూద్దాం అనే మాట మొదటి సమావేశంలోనే కొట్టేయాలి.

అసోసియేషన్ లీగ్‌లో కొత్త క్లబ్బుకు చోటెక్కడిది, ఇదంతా గుర్తింపు లేని ఆట అయిపోదా అని చివరిగా అడుగుతారు. మొదట ఆ లీగ్ జోలికి పోనక్కర్లేదు. ఉప్పల్, నాచారం, రామంతాపూర్, మల్లాపూర్, హబ్సిగూడ నుంచి పదహారేళ్ల లోపు వాళ్లవి అయిదు జట్లు, ఆదివారం పొద్దున ఆటలు, రెండు మ్యాట్లు, ఇద్దరు అంపైర్లు చాలు. సొసైటీగా రిజిస్టర్ చేస్తే ఏటా సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చూపించడం చట్టప్రకారం తప్పదు. కార్యవర్గంలో ఆటగాళ్ల తల్లులు ఇద్దరికి తక్కువ కాకుండా ఉండాలి, కోచ్ జీతం సంఘం ఇవ్వాలి, పిల్లల ఫిర్యాదు వినే మనిషి కోచ్‌తో సంబంధం లేని వారై ఉండాలి. ఇక ఖర్చు పెట్టడానికి మొదట చూడాల్సింది బౌలింగ్ మెషీన్ కాదు, స్కోరరు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు ప్రతి బంతీ రాసి, పేరు పక్కన పుట్టిన తేదీ వేసి, ఆదివారం సాయంత్రానికి ఆ పుట ఫోటో తీసి అందరికీ కనిపించేలా పెడితే చాలు. మూడు సీజన్ల పుటలు అలా పోగయ్యాక ఏ సెలెక్టరైనా వాటిని చూడకుండా తన జాబితా సమర్థించుకోవడం కష్టమవుతుంది.